కడపటి బావికి కరెంటు
(వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



మన సంఘ మహాసభలలో విద్యావ్యాప్తిని గూర్చియు, వసతిగృహ నిర్వహణమును గూర్చియు, వివాహవ్యయమును తగ్గించుటను గూర్చియు నుపన్యాసము లగుట పరిపాటి. ఈ యేడు మమ్ము కరెంటును గూర్చి మాటలాడుమని యాహ్వానసంఘమువారు కోరిరి. దానికి కారణము లేకపోలేదు. గడచిన కార్యవర్గ సమావేశమున రెండు ప్రశ్నలు వచ్చినవి. సోలారు కంపెనీల తరఫున వచ్చినవారికి మన భూములను గుత్తకిత్తుమా, మానుదుమా యని కొందఱు సభ్యు లడిగిరి. సంఘనిధిలో మిగిలిన సొమ్ముతో, ఫీడరు తీగ కడపట, చౌకగా దొరకు రాతినేలలో పెద్ద సోలారు కేంద్రము నొకదానిని నిలిపిన సంఘమునకు శాశ్వతాదాయము కలుగదా యని మఱికొంద ఱడిగిరి. ఈ రెండింటికిని మాకు తెలిసినంతలో సమాధానము చెప్పుటయే మా యుద్దేశము. మేము వేదికలపై మాటలాడు నలవాటు లేనివారము. మోటార్లు విప్పి బిగించుటలోను, పిదప తీగల లెక్కలు వేయుటలోను కాలము గడపినవారము. భాషలో దోషములున్న మన్నింపుడు. లెక్కలో దోషమున్న మాత్రము మన్నింపక నిలదీయుడు.

మడకశిర సీమ సంగతి మీకు చెప్పబూనుట కొండకు త్రోవ చూపుటవంటిది. చుట్టును కన్నడదేశము, నడుమ మనము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు జిల్లా; అదియు పడవలసిన నెలలో పడదు. వేరుసెనగ వానను నమ్ముకొన్నది. మల్బరి తోటయు, వక్కతోటయు బోరుబావిని నమ్ముకొన్నవి. చెరువులు నిండిన కాలమున మోటతోను కపిలతోను సేద్యము సాగెను. చెరువు లెండి, నీరు వందల యడుగుల లోతునకు దిగిన పిదప బోరుబావి యనగా కరెంటే, కరెంటనగా బోరుబావియే యైనది.

ఆ కరెంటు మన దరికి వచ్చుట కాలస్యమే యయ్యెను. మన పొరుగున మైసూరు సంస్థానమువారు 1902 లో శివసముద్రముకడ కావేరి జలపాతమునుండి కోలారు బంగారుగనులకు విద్యుత్తును పంపిరి. 1905 లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినవి. మనమో, అప్పటికి చెన్నరాజధానిలోని వారము. ఆ రాజధానిలో పైకారా 1932 లోను, మెట్టూరు 1937 లోను విద్యుత్తు నియ్యజొచ్చినను, వాని ఫలము ముందుగా ననుభవించినవి దక్షిణపు జిల్లాలే. 1959 లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడిన పిమ్మట పల్లెలకు స్తంభములు పాతుట ముమ్మరమయ్యెను. 1999 లో ఆ బోర్డు చీలెను; ఆపైని పంపిణీ వేఱు కంపెనీల పాలయ్యెను. 2014 లో రాష్ట్రము విడిపోయినపుడు అనంతపురము జిల్లా తిరుపతి ముఖ్యస్థానముగాగల దక్షిణ పంపిణీ కంపెనీలో చేరెను. 2004 లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. ఆపైని మోటార్ల సంఖ్య పెరిగెను. తీగమాత్రము పెక్కుచోట్ల వెనుకటి తీగయే. 2022 లో మన మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మాఱినను తీగ చివరి వోల్టేజి మాఱలేదని మా ప్రక్కనున్న పెద్దలొకరు నవ్వుచున్నారు. వారి నవ్వులో నిజమున్నది.

మా స్వానుభవ మొకటి మనవి చేసెదము. మా పొలములోని బోరుబావి తీగకు కడపటినుండి రెండవది. ఒకానొక వేసవిలో మా మోటారు రెండుమార్లు కాలినది. మొదటిసారి వైండింగు చేసినవాని పని చెడ్డదనుకొని వానిని నిందించితిమి. రెండవసారి వేఱొకనిచేత చుట్టించితిమి, అదియు కాలెను. అప్పుడు మీటరు పెట్టి చూడగా, 415 వోల్టులుండవలసినచోట 340 మాత్రమే యున్నది. మోటారు మూగజీవమువంటిది, మోయవలసిన బరువు మోయకతప్పదు. వోల్టేజి తగ్గినకొలది అది యెక్కువ కరెంటును లాగుకొనును. 415 కు బదులు 340 వచ్చినపుడు లాగు కరెంటు సుమారు ఐదవవంతు హెచ్చును. వైండింగులో పుట్టు వేడిమియో, ఒకటిన్నర రెట్లగును. మల్బరియాకు వాడి, పురుగుల మేపునకు చాలక, పదిదినములలో మాకు కలిగిన నష్టము మోటారు ఖరీదును మించెను. వైండింగు పనివాడు నిరపరాధి యని తెలిసికొని వానికి క్షమాపణ చెప్పుకొంటిమి.

ఇట్లేల జరుగును? తీగలో నష్టము కరెంటు యొక్క వర్గమును బట్టి పెరుగును. కరెంటు రెట్టింపైన నష్టము నాలుగు రెట్లు. మూడింతలైన తొమ్మిది రెట్లు. సబ్‌స్టేషనుకడ బయలుదేరిన తీగ తొలి గజములో అందఱి కరెంటును మోయవలెను. పోనుపోను బరువు తగ్గును. కాని వోల్టేజి మాత్రము అడుగడుగునకు పడిపోవుచు, కడపటి బావివానికి మిగిలినదే మిగులును. కాలువ చివరి మడివాని గతియు నిదియే గదా. ఇందుకే 11,000 వోల్టుల తీగను బావుల దరికే కొనివచ్చి, అచ్చట రెండుమూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు నిలుపు పద్ధతి మన రాష్ట్రమున వచ్చినది. ఒకే శక్తిని 415 వోల్టులతో పంపుటకు బదులు 11,000 వోల్టులతో పంపిన, కరెంటు సుమారు 26 వ వంతగును. అదే తీగలో నష్టము సుమారు 700 వ వంతగును. ఈ పద్ధతి వచ్చినచోట మోటార్లు కాలుట తగ్గినది. రానిచోట మావంటి వారున్నారు.

ఇక సూర్యుని సంగతి. విద్యుత్తును వాడువాని ప్రక్కనే పుట్టించుట క్రొత్త యూహ కాదు. 1882 లో న్యూయార్కు నగరమున ఎడిసన్ పెట్టిన కేంద్రము చుట్టుపట్ల కొన్ని వీధులకే వెలుగునిచ్చెను. అతని డీసీ కరెంటు దూరము పోజాలదు. ఆపైని ఏసీ కరెంటును, ట్రాన్స్‌ఫార్మరును వచ్చి, దూరపు జలపాతములును బొగ్గుగనులును మన యింటికి శక్తిని పంపుట సాధ్యమయ్యెను. ఇప్పుడు సోలారు పలకలు చౌకయగుటచేత నూరేండ్ల వెనుకటి చిన్న కేంద్రము మరల తలయెత్తినది. శాస్త్రజ్ఞులు దీనిని వికేంద్రిత విద్యుదుత్పాదన మందురు. వారు వేయు ప్రశ్నలు రెండే: ఎంత పెట్టవలెను? ఎచ్చట పెట్టవలెను? ఈ రెండింటిపై ప్రపంచమున వేలకొలది పత్రములు వెలువడినవి. మనకు వాని సారము చాలును.

వివాహభోజనమున పొడవైన పంక్తి నొకదానిని తలంపుడు. వంటయిల్లు పంక్తికి ఒక కొనన ఉన్నది. వడ్డించువారు అన్నమంతయు ఆ కొననుండియే మోయవలెను. తొలి విస్తళ్లముందు అందఱి గంపలును నడచును. కనుక రద్దీ యచ్చటనే. ఇప్పుడు రెండవ వంటయింటిని పెట్టుటకు మీకు వీలు కలిగినది. ఎచ్చట పెట్టెదరు? మొదటిదాని ప్రక్కనే పెట్టిన మోత యేమియు తగ్గదు. కట్టకడపట పెట్టి, పంక్తికంతకు వలయు నన్నమును అచ్చటనే వండిన, మోత దిశ మాఱునేగాని తగ్గదు. ఈ కొననుండి మోయుదానిని ఆ కొననుండి మోయుదురు. పంక్తిలో మూడింట రెండువంతుల దూరమున, మూడింట రెండువంతుల అన్నమును వండు పొయ్యిని పెట్టిచూడుడు. తొలి మూడవవంతు వారికి పాత వంటయిల్లు వడ్డించును. క్రొత్తది వెనుకవైపు మూడవవంతునకును, ముందువైపు మూడవవంతునకును వడ్డించును. ఏ గంపయు పంక్తిలో మూడవవంతును మించి నడువదు.

తీగ లెక్కయు నిట్లే వచ్చును. తీగ పొడవునను మోటార్లు సమముగా పరచియున్నవని యనుకొందము. తీగ లావు అంతటను నొకటే యనుకొందము. ఇప్పటి నష్టము 9 పాళ్లనుడు. మూడింట రెండువంతుల దూరమున, మోటార్ల మొత్తములో మూడింట రెండువంతుల శక్తిగల కేంద్రమును పెట్టిన, నష్టము 9 పాళ్లనుండి 1 పాలునకు దిగును. నట్టనడుమ మొత్తమునకు సమమైన కేంద్రమును పెట్టిన రెండుంబావు పాళ్లు. కడపట సగము శక్తిగలదానిని పెట్టినను రెండుంబావు పాళ్లే. కడపట మొత్తమునకు సమమైనదానిని పెట్టిన మరల 9 పాళ్లు. పెట్టిన సొమ్ము తీగకేమియు మేలుచేయలేదు. కడపటనే రెండింతల కేంద్రమును పెట్టిన 63 పాళ్లు! ఈ కడపటి యంకెను మేము మూడుమార్లు సరిచూచితిమి. సంఘనిధితో తీగ చివర పెద్ద కేంద్రమును పెట్టుద మన్న సభ్యులు దీనిని గమనింప వేడెదము. వారి యుత్సాహమును మేము తక్కువ చేయుటలేదు; స్థలమును మాత్రమే మార్చుచున్నాము.

ఉదాహరణకు 12 కిలోమీటర్ల ఫీడరుపై 5 అశ్వశక్తుల మోటార్లు 300 ఉన్నవనుకొందము. మొత్తము 1,500 అశ్వశక్తులు, అనగా సుమారు 1,100 కిలోవాట్లు. మూడింట రెండువంతులు సుమారు 750 కిలోవాట్లు. దానికి వలయు నేల మూడు నాలుగెకరములు. దానిని నిలుపవలసిన చోటు సబ్‌స్టేషనునుండి 8 వ కిలోమీటరు దగ్గఱ. బావు లొకచోట గుంపుగా నున్న ఈ చోటు జరుగును. తీగ లావు మాఱినచో మఱికొంత జరుగును. కావున మా మాటను వేదవాక్యముగా గొనక, మీ ఫీడరును మీరు కొలిచికొనవలెను.

లెక్క కాగితముపై నెంత సొగసుగానున్నను సూర్యుడును మోటారును ఒకరి మాట నొకరు వినవలెను. మన రాష్ట్రమున వ్యవసాయమునకు పగటివేళ తొమ్మిదిగంటలు కరెంటిచ్చు పద్ధతి యుండుట మన యదృష్టము. ఎండయు మోటారును ఒకేవేళ పనిచేయును. కాని వాన కురిసి వెలిసిన దినమున మోటార్లన్నియు ఊరకుండును. మేఘములు విడిన సూర్యుడు ఊరకుండడు. అప్పుడు శక్తి తీగలో వెనుకకు పాఱును. కొనయందు వోల్టేజి దిగుటకుమాఱు ఎక్కును. మా బంధువులొకరు తీగ కొనయందలి తమ యింటిపై పలకలు వేయించి, మధ్యాహ్నము పండ్రెండుగంటలకు ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవుచున్నదని మమ్ము పిలిచిరి. చెడిపోయినదేమియు లేదు. వోల్టేజి హద్దు మీఱుటచే ఆ యంత్రము తన్నుతాను కాపాడుకొన్నది. మండుటెండలో సోలారు పనిచేయదా యని వా రడిగిన ప్రశ్నకు నవ్వు నాపుకొనుట మాకు కష్టమయ్యెను.

ఇంకొక సంగతి ప్రాణములకు సంబంధించినది. సబ్‌స్టేషనులో కరెంటు తీసినపుడు ఇన్వర్టరును తక్షణము ఆగవలెను. అట్లు ఆగని యంత్రము స్తంభమెక్కిన లైన్‌మానునకు మృత్యువు. చౌకగా వచ్చినదని ఈ రక్షణలేని సరకును కొనవలదని మీకు చేతులు జోడించి చెప్పుచున్నాము. మన కులములో ఆ వృత్తిలోనున్న పిల్లలు కొందఱు ఈ సభలోనే కూర్చున్నారు.

సోలారునకు ముందు చేయవలసిన చౌకపని యొకటి కలదు. మోటారు లాగు కరెంటులో కొంత నీటిని తోడదు. ఇనుమును అయస్కాంతము చేయుటకై తీగలో ముందువెనుకల కూగులాడుచు నష్టమును మాత్రము పెంచును. కెపాసిటరను చిన్న డబ్బా ఆ భాగమును బావికడనే సమకూర్చును. మూడింట రెండువంతుల సూత్రము సయితము మొదట కెపాసిటర్లను గూర్చి పుట్టినదే. ఉచిత విద్యుత్తు పొందువారు కెపాసిటరు పెట్టవలెనని నియమమున్నను, ఎన్ని బావులకడ నవి బ్రతికియున్నవో మీకే యెఱుక. లక్షల కేంద్రమును గూర్చి తర్కించుటకు ముందు వేల రూపాయల డబ్బాను బిగించుట వివేకమని మా యభిప్రాయము.

ఇక గుత్త సంగతి. మన ప్రక్కనే, కర్ణాటకమునందలి పావగడ తాలూకాలో, తిరుమణి మొదలగు ఐదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములపై 2,050 మెగావాట్ల సోలారు క్షేత్రము వెలసినది. 2018 మార్చిలో ప్రారంభమై 2019 చివరకు పూర్తియయ్యెను. అచ్చట భూమిని కొనక, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకమాఱు నూటికైదు హెచ్చింపుతో గుత్తకు గొనిరి. వానలేక బీడుపడిన నేలకు అది తక్కువ ధనము కాదు. ఇచ్చినవారిని మేము తప్పుపట్టము. మన జిల్లాలలోను ఎన్.పి. కుంటకడ 2016 లో ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల కేంద్రము పనికి వచ్చెను. ఇట్టి క్షేత్రముల శక్తి మహాస్తంభముల మీదుగా దూరపు నగరములకు పోవును. ప్రక్కనున్న ఫీడరుమీది బావికి దానివలన ఒక్క వోల్టయినను పెరుగదు. గుత్త పట్టాదారునకు ముట్టును. ఆ చేలలో కలుపుతీసినవారికిని, గొఱ్ఱెలు మేపుకొన్నవారికిని ఏమి ముట్టునను ప్రశ్న నడుగువాడు లేడు. మన సంఘములో పట్టాదారులును ఉన్నారు, కూలిచేయువారును ఉన్నారు. ఇరువురును చందా యిచ్చినవారే. గుత్తకిచ్చు సభ్యుడు సారవంతమైన చేనిని గాక, రాతినేలనే యియ్యవలెననియు, పత్రములో హెచ్చింపును, గడువు ముగిసిన పిదప నేలను చదునుచేసి యొప్పగించుటను స్పష్టముగా వ్రాయించుకొనవలెననియు మా సలహా.

రెండవ త్రోవ చిన్న కేంద్రముల త్రోవ. 2019 లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకములో, రైతులుగాని, సహకార సంఘములుగాని, పంచాయతులుగాని తమ బీడునేలలో 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్లవఱకు కేంద్రమును నిలిపి, శక్తిని పంపిణీ కంపెనీకి 25 ఏండ్ల ఒడంబడికపై నమ్ముకొనుటకు వీలు కల్పింపబడెను. సబ్‌స్టేషనుకు 5 కిలోమీటర్లలోపల నుండుట మేలని దాని నియమము. ఇచ్చట మాకొక సందేహము కలదు. సబ్‌స్టేషను గడపలోనే కలిపిన కేంద్రము, పైనుండి వచ్చు 33,000 వోల్టుల తీగ బరువును తగ్గించును. దిగువ ఫీడరు నష్టమును తగ్గింపదు. మొదటి వంటయింటి ప్రక్కనే రెండవదానిని పెట్టుటవంటిది. కలుపుట సులభము, కాపాడుట సులభము. కడపటి బావికిమాత్రము పాత వోల్టేజియే. కావున దరఖాస్తు పెట్టువారు సబ్‌స్టేషనులోగాక ఫీడరు మీదనే కలుపుట కనుమతి యడుగవలెను. అదే పథకములో బావిబావికి పలకలు పెట్టు భాగమును కలదు. నష్టము దృష్ట్యా అంతకంటె మేలైనది లేదు. తీగపై మోతయే యుండదు. కాని మూడువందల చిన్న యంత్రములను దుమ్ము తుడిచి, దొంగలనుండి కాచుట మూడువందల ఇండ్లవారి పని. అది సాధ్యమో కాదో మీరే నిర్ణయింపుడు.

గుజరాతు రాష్ట్రమున ఖేడా జిల్లా ధుండి గ్రామమున ఆరుగురు రైతులు సహకార సంఘముగా నేర్పడి, 2016 లో తమ సోలారు పంపులను తీగకు కలిపిరి. నీరు వలసినపుడు తోడుకొందురు. వలదన్నపుడు కరెంటును అమ్ముకొందురు. ఈ రెండవ మాట మన సీమకు మందువంటిది. ఎండ ఉచితమని పొద్దస్తమానము తోడిన భూగర్భజలము మఱి వంద యడుగులు దిగును. నీరు, భూమి, వృక్షములను గూర్చి 2002 లో చట్టము వచ్చినను, బోరుయంత్రపు చప్పుడు రాత్రులందు మనకు వినబడుచునే యున్నది. తోడని నీటికి ధర దొరకినపుడు తోడకుండుటకు మనసు వచ్చును. అమ్మకములేక పలకలు మాత్రమిచ్చు నేర్పాటును మేము మన సీమకు సమ్మతింపము.

సంఘనిధిని గూర్చి మా మనవి యిది. నిధినంతయు ఒకే కేంద్రములో పోయవలదు. మొదట వసతిగృహపు కప్పుపై 10 కిలోవాట్ల పలకలు వేయుదము; ఏటి సగటున దినమునకు సుమారు 40 యూనిట్లు వచ్చును. పిల్లలు చదువుకొనునది రాత్రియే యైనను, నెట్ మీటరు పగటి శక్తిని జమకట్టును. ఆ బిల్లులో మిగిలినది పుస్తకములకు. ఇండ్లపై వేయించుకొను సభ్యులకు 2024 లో వచ్చిన సూర్యఘర్ పథకము క్రింద 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకును ఆపైనను 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది; దళారికి ముందుగా సొమ్మియ్యవలదు.

ఫీడరు కేంద్రమునకు సభ్యులే వాటాలు వేసికొని, నిధినుండి కొంత మాత్రమే చేర్చుట మేలు. దానికి ముందు ఒక నెల కొలత కావలెను. తొలి బావికడ, నడిమి బావికడ, కడపటి బావికడ ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము వోల్టేజిని వ్రాసికొనవలెను. కెపాసిటరు లేని బావుల పట్టిక వేయవలెను. 8 వ కిలోమీటరు దరిదాపున రాతినేలగల సభ్యు లెవరో విచారింపవలెను. ఈ పట్టికలు లేక లెక్క వేయుమని వచ్చినవారికి మేము లెక్క వేయము.

వోల్టు మీటర్లు రెండు మావెంట తెచ్చియున్నాము. భోజనానంతరము మూడుగంటలకు మోటార్లు నడచుచుండగనే కడపటి బావిదాక పోయి మొదటి కొలత తీయ సంకల్పించితిమి. రాదలచిన యువకులు తమ పేర్లను కార్యదర్శిగారికడ నిప్పుడే వ్రాయించుడు. ఎండ తీవ్రముగానున్నది, తలకు గుడ్డ తప్పక తెచ్చుకొనుడు.